పది గంటలకు పాలు లేవు

మా టీకాల సిస్టరమ్మ పోయిందని పాత ఫార్మసిస్టు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను అడిగిన మొదటి మాట, "ఆఖరికి ఎవరిని తిట్టారు?" అని. అతను తడుముకోలేదు. "సెలైన్ పెట్టడానికొచ్చిన నర్సు పిల్లని మేడం. 'సెప్పకుండా గుచ్చుతావేటే, నాను మనిసినా గోడనా' అన్నారంట. ఆ పిల్ల సారీ అని, చెప్పి మరీ గుచ్చిందంట." ఫోన్‌కి అటూ ఇటూ ఇద్దరం నవ్వాం. చావు కబురు చెప్పుకుని నవ్వడం తప్పే. అయితే ఏడ్చి ఉంటే ఆవిడకి ఇంకా కోపం వచ్చేది. ఏడుపంటే ఆవిడకి గిట్టదు. బతుకంతా పసిపిల్లలకి టీకా సూదులు పొడిచిన మనిషికి ఏడుపు గిట్టకపోతే ఎలా నడిచిందని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది.

మందస దాటి సముద్రం వైపు వెళ్తే ఉండే ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో నేను కొత్తగా డాక్టరునై చేరాను. పుట్టి పెరిగింది టెక్కలి. కానీ మెడికల్ కాలేజీలో నా మాట విని నవ్వినవాళ్ళ పుణ్యమా అని యాసని శుభ్రంగా ఉతికి ఆరేసుకుని వచ్చాను. ఆవిడ అక్కడ ఏఎన్ఎం. ఊళ్ళు తిరిగి గర్భిణుల్ని చూడటం, పిల్లలకి టీకాలు వెయ్యడం ఆవిడ పని. నందిగాం వైపు రైతుల ఇంటి ఆడపడుచు. మొదటి రోజే నన్ను ఎగాదిగా చూసి, "టెక్కలేనా? ఏ ఈది?" అని అడిగింది. చెప్పాను. "మరి అలగ మాటాడతారేటి డాటరమ్మా, రేడియోలాగ?" అని పక్కగదిలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆసుపత్రిలో అందరూ నన్ను చూసి ముసిముసిగా నవ్వుతున్నట్టే అనిపించింది.

మనిషి పొట్టి, గుండ్రం. గొంతు మాత్రం సముద్రం మీద బోటుకి వినపడేంత. బొడ్లో ఒక చిన్న గుడ్డ సంచి ఉండేది, దాన్నిండా వేయించిన జీడిపప్పు బద్దలు. పలాసలో జీడి ఫ్యాక్టరీలో పనిచేసే చుట్టమెవరో ఇచ్చేవారు. గుండు పప్పు తినడం జబ్బని, రుచంతా బద్దలోనే ఉందని ఆవిడ సిద్ధాంతం. మాట్లాడుతూ ఒక్కోటే నోట్లో వేసుకునేది. ఎదుటివాళ్ళకి ఒక్క బద్ద పెట్టిన పాపాన పోలేదు. నేను సిగ్గు విడిచి ఒకసారి చెయ్యి చాపితే, "అరగదమ్మా మీకు, సదువుకున్నోలు" అంది. పెద్దవాళ్ళు ఆవిడని సిస్టరమ్మ అనేవారు. పిల్లలు సూదమ్మ అనేవారు, అదీ దూరం నుంచి.

ఆవిడ టీకాలు వేసే గది చూస్తే అది సర్కారు కార్యక్రమంలా ఉండేది కాదు, బాలింతలు పోగై కబుర్లాడుకుంటున్నట్టు ఉండేది. ముందు నాయనమ్మల్ని, అమ్మమ్మల్ని అరుగు మీదికి తరిమేసేది. "మామ్మలందరూ బయటికి! సూది బిడ్డకి, సోకాలు మీకునా?" తల్లులు గోడకి చేరబడి నేల మీద కూర్చోవాలి. బిడ్డ తల్లి ఒళ్ళో, ఒంటికి ఒళ్ళు తగిలేట్టు ఉండాలి. సూదికి ఎంతో ముందే పాలు పట్టాలి, సూది దిగేటప్పుడు తాగుతూ ఉండాలి, దిగాక కూడా తాగుతూనే ఉండాలి. తియ్యగా ఉండే చుక్కల మందు మొదట వేసేది. సూదుల్లో ఎక్కువ మండేది ఆఖర్న. "తీపి ముందు, కారం తరవాత. పెల్లి బోజనం సెయ్యనేదేటి ఎప్పుడూ?" అనేది.

బిడ్డని బల్ల మీద పడుకోబెట్టి నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకోవడమంటే ఆవిడకి అసహ్యం. "అది యేటపోతనుకున్నారా, పండగకి?" అనేది. సూది వేశాక ఎవరైనా తొడ రుద్దబోతే చేతి మీద ఒకటి పడేది. "నలుగెట్టకు. తగ్గేది పెరుగుతాది." అన్నిటికంటే పెద్ద నేరం బిడ్డతో 'ఏం కాదమ్మా ఏం కాదు' అని పాట పెట్టుకోవడం. అలా అన్నామంటే ఏదో అయిపోతోందని బిడ్డకి కబురు పంపినట్టేనట.

బడికెళ్ళే వయసు వాళ్ళకి వేసే సూదులప్పుడు కొబ్బరాకు బూరలు చేయించి పెట్టేది. మా ఉద్దానం వైపంతా కొబ్బరితోటలే, ఆకుకి కరువేముంది. "నొప్పెడతాదా సూదమ్మా?" అని పిల్లాడు వణుకుతూ అడిగితే, "ఎడతాది. అబద్దమాడితే నా కళ్ళు పోతాయి. గట్టిగా ఊదు, సగం నొప్పి దాంట్లోంచి పోద్ది" అనేది. వాడు బుగ్గలు పొంగించి ఊదుతుంటే సూది పని అయిపోయేది. ఆ రోజు అంగన్‌వాడీ ముందు నుంచి వెళ్ళేవాళ్ళు లోపల అమ్మవారి సంబరమేదో జరుగుతోందనుకునేవారు.

ఇదంతా ఎవరు నేర్పారని అడిగాను, ఏ ట్రైనింగో చెప్తుందని. "నా కూతురు" అంది. "దాని మొదటి సూదికి నానే కాళ్ళు అదిమి పట్టుకున్నాను. నర్సుని కదా, నాకేటని. నాలుగు రోజులు నా సేతుల్లోకి రానేదు. ఆల్ల నాన దగ్గరికెల్లింది. ఆ మనిసి దగ్గరికి, సూడండి!" భర్తని అంతకంటే తీసిపారేసిన మాట నేనింకెక్కడా వినలేదు. అది చెప్పేటప్పుడు మాత్రం బద్ద నములుతున్న నోరు ఒక్క క్షణం ఆగింది.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్తాను.

మా పరిధిలో ఒక మత్స్యకారుల ఊరు ఉండేది. తెల్లారకుండానే తెప్పలు, బోట్లు ఒడ్డుకొస్తాయి. ఆడవాళ్ళు తట్టలెత్తుకుని ఆటోల్లో మందసకో సోంపేటకో చేపలమ్మడానికి పోతారు. తిరిగి ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. చంటిపిల్లల్ని అంతవరకూ చూసేది అత్తలే. మా టీకాల సెషను మాత్రం, ఏ దేవుడు రాసి పెట్టాడో, పొద్దున్న తొమ్మిదికి మొదలవ్వాలి. ఒక బుధవారం పది దాటాక నేను చెప్పాపెట్టకుండా అక్కడికి వెళ్ళాను. అరుగు మీద ఏడుగురు ముసలమ్మలు, వాళ్ళ ఒళ్ళో ఏడుగురు పిల్లలు. లోపల మూత తియ్యని టీకాల పెట్టె. దాని పక్కన కాళ్ళు చాపుకుని మా సిస్టరమ్మ, బద్దలు నములుతూ.

"ఏమిటిది సిస్టర్? పది దాటింది. ఒక్కరికైనా వెయ్యలేదేం?"

"తల్లులు రానేదు."

"ఈ పెద్దవాళ్ళు ఉన్నారు కదా, వెయ్యండి."

"ఈల్లకి పాలున్నాయేటి?"

అరుగంతా గొల్లున నవ్వింది. ఒక ముసలమ్మ బోసినోరు తెరిచి, "ఒకప్పుడుండేవి డాటరమ్మా!" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. కొత్త ఉద్యోగం, చుట్టూ జనం, పైగా జిల్లా వాళ్ళు ఎప్పుడు ఫోన్ చేసి ఎంతమందికి అయిందని అడుగుతారో తెలీదు. "మీరు లేవండి, నేనే వేస్తాను" అన్నాను. ఆవిడ వాదించలేదు. లేచి చీర దులుపుకుని, "బల్ల కావాలేటి? తెప్పించీమంటారా?" అంది. వెటకారమని తెలిసి కూడా తెప్పించమన్నాను.

అరగంటలో ఏడుగురికీ వేసేశాను. చెయ్యి వడి బాగానే ఉంది. మొదటివాడు ఏడ్చాడు, వాణ్ణి చూసి రెండోది మొదలెట్టింది. మిగతావాళ్ళు తమ వంతు రాకముందే అందుకున్నారు. ముసలమ్మలు పిల్లల్ని అదిమి పట్టుకునే శోకాలు పెడుతున్నారు. నేను ఎవరి మొహమూ చూడలేదు, తొడలే చూశాను. ఆఖరిది మూడు నెలల ఆడపిల్ల, చేతులకి నల్లపూసలు. రెండో డోసు. నాయనమ్మ మోకాళ్ళు అదిమి పట్టుకుంటే నేను వేశాను. ఆ పిల్ల గుక్కపట్టింది. ఎంతకీ గుక్క తిరగలేదు. తిరిగాక గొంతు పోయేదాకా ఏడ్చింది. తర్వాత నోరు తెరుచుకుని ఉంది, శబ్దం రావట్లేదు.

దాని తల్లి ఆ రోజు ఎందుకో తొందరగా తిరిగొచ్చింది. ఏడుపు రోడ్డు మీదికి వినపడిందట. తట్ట గుమ్మంలో పడేసి, చేపల చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి పిల్లని లాక్కుని రొమ్ముకి పెట్టుకుంది. పిల్ల పట్టలేదు. మొహం తిప్పేసుకుని వెనక్కి విరుచుకుపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ అంతే. జాకెట్టు రెండువైపులా తడిసిపోయి పాలు చీర మీదికి కారుతున్నాయి. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అత్తతో, "నాను వచ్చీదాకా ఆగనేకపోనావా?" అంది. "నానేటి సేతునే, డాటరమ్మ బేగి బేగి అంటే" అని ముసలామె ఏడ్చింది. ఆమె అప్పుడు నాకేసి చూసి, "సాలు తల్లీ. మా బిడ్డకింక సాలు" అని పిల్లని కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. సిస్టరమ్మ బల్ల తుడిచింది.

ఇంతా చేసి నేనేం చేశానంటే, ఆసుపత్రికి వచ్చి ఆవిడకి మెమో రాశాను. విధి సమయంలో ఖాళీగా కూర్చున్నందుకు సంజాయిషీ ఇవ్వాలని. మర్నాడు నా బల్ల మీద సమాధానం ఉంది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు. "డాక్టరు గారికి నమస్కరించి రాయునది. పది గంటలకు పాలు లేవు. పన్నెండుకు వస్తాయి. చిత్తగించవలెను." అంతే, కింద సంతకం. దాన్ని అయిదుసార్లు చదివాను. మొదటి మూడుసార్లు ఒళ్ళు మండింది. నేను అక్కణ్ణుంచి బదిలీ అయినప్పుడు ఆ కాగితాన్ని ఫైల్లోంచి తీసుకుని తెచ్చేసుకున్నాను. అది దొంగతనమే, ఒప్పుకుంటున్నాను.

మరుసటి నెల ఆ ఊరి సెషనుకి నల్లపూసల పిల్ల రాలేదు. ఆ పై నెలా రాలేదు. దాని వీధి నుంచి వచ్చేవాళ్ళు కూడా పల్చబడ్డారు. ఒక మధ్యాహ్నం ఆవిడ నా గదిలోకి వచ్చి, నేను కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ గుంటకి మూడో డోసు ఉండిపోనాది. నాను నాలుగుసార్లెల్లాను. గుమ్మం తొక్కనివ్వట్లేదు."

"చెప్పి చూడండి ఇంకోసారి."

"రేపు కోరింత దగ్గొచ్చిందనుకోండి, అంత బిడ్డ దగ్గనేదు. ఊపిరందక నీలంగా అయిపోద్ది. నాను సూసాను ఒకలిని. నాకు ఏడుపొక్కటే పడదనుకుంటన్నారేమో. ఆ నీలం మరీ పడదు." ఆవిడ గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది. "నాను సెప్తే ఇనదు. తప్పు సేసినోలే ఎల్లాల."

"అంటే తప్పు నాదంటారా?"

"మరెవలిది, ఆ బల్లదా?"

ఆ రోజు ఆవిడ సంచిలోంచి ఒక్క బద్ద కూడా తీసి నోట్లో వేసుకోలేదని తర్వాత గుర్తొచ్చింది.

రెండ్రోజుల తర్వాత ఇద్దరం మందస బజారుకి వెళ్ళాం. ఆ తల్లి చేపల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి గుర్తుపట్టి కూడా, "ఏటి కావాల, పండుగొప్పా?" అంది. ఎవరో బేరానికి వచ్చినదానితో అన్నట్టు. సాయం చేస్తుందేమోనని పక్కకి చూశాను. సిస్టరమ్మ పక్క తట్టలో రొయ్యలు ఏరుకుంటోంది.

నేను దారి పొడుగునా ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. టీకాల ఆవశ్యకత, వగైరా. నోరు తెరిస్తే మా అమ్మ మాట వచ్చింది. "తప్పయిపోనాది. బేగి అయిపోవాలని సూసాను గానీ, నీ బిడ్డని సూడనేదు."

ఆమె చేతిలో చేపకి పొలుసు గీస్తూనే ఉంది. "రెండ్రోజులు నా పాలు ముట్టనేదు అది. నన్ను సూత్తేనే మొహం తిప్పీసింది. గట్టిపడి సలుపుతుంటే పిండి కొబ్బరి మొదట్లో పోసాను. ఆల్లయ్య గుజరాతు బోటు మీంచి ఫోన్ సేసి, గుంటెలాగున్నాదంటే, బాగున్నాదని సెప్పాను. ఏటి సెప్పను మరి?"

చేపల నీళ్ళలో చెప్పులు తడుస్తుంటే అలాగే నిల్చున్నాను. ఆ చేప పొలుసంతా గీశాక ఆమె కత్తి కింద పెట్టింది.

"వత్తాను. గానీ నువ్వే ఎయ్యాల. నా ఒళ్ళో ఎయ్యాల. అది మల్లీ అలాగేడిసిందా, నీకూ సిస్టరమ్మకీ మా ఈదిలో పని నేదు."

"అలాగే" అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సిస్టరమ్మకి ఒకటే సంతోషం. అది నా పరువు పోయినందుకో, ఆ పిల్ల దొరికినందుకో ఇప్పటికీ చెప్పలేను.

ఆ బుధవారం పన్నెండు దాటాక ఆ తల్లి వచ్చింది. వెనకాల వీధిలో సగం మంది వచ్చారు, తమాషా చూడ్డానికి. "మీరేటి, కుర్చీలో కూకుని ఆకాసానికేత్తారేటి? కిందకి దిగండి" అని ఆవిడ నన్ను నేల మీద కూలబడేసింది. మూడు సూదులు వెయ్యాలి. ముందు తియ్యటి చుక్కలు వేశాను, పిల్ల చప్పరించింది. తర్వాత తల్లి రొమ్ముకి పెట్టుకుంది. నేను సూది అందుకోబోతే ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. "ఆగండి. ఇంకా. సూదిని కాదు, దాని గొంతు సూడండి. మింగుతన్నాదా? అలాగ. ఇప్పుడు."

మొదటిది జబ్బకి. పిల్ల కనుబొమ్మలు ముడుచుకుంది, అంతే. రెండోది తొడకి. కాలు ఒకసారి ఝాడించింది. మూడోది మండేది. అది దిగగానే పిల్ల రొమ్ము వదిలేసింది. కింది పెదవి బయటికొచ్చింది. నాకేసి చూసింది, సరిగ్గా నా కళ్ళలోకే. గుమ్మంలో జనం ముందుకి వంగారు. తల్లి మెడ నరాలు లేచాయి, 'ఏం కాదు' అనబోతోందని నాకు అర్థమైపోయింది. సిస్టరమ్మ అందుకుని, "ఏటే, ఈయాల నెత్తళ్ళు పడ్డాయంటకదా, నిజమేనా?" అంది, ఏదో రచ్చబండ దగ్గర కూర్చున్నట్టు.

తల్లి ఒక్క క్షణం తెల్లబోయింది. "ఆ, పడ్డాయి సిస్టరమ్మా. మా మావ బోటుకి బాగా పడ్డాయి" అంది. రోజూ మాట్లాడే గొంతుతోనే చెప్పింది. పిల్ల ఆ గొంతు విని తల తిప్పింది. రెండుసార్లు కుయ్యిమని మూలిగింది. ఏడవలేదని అబద్ధం చెప్పను, ఆ మాత్రం ఏడ్చింది. తర్వాత వెతుక్కుని, మళ్ళీ పట్టుకుంది. గటగటా తాగుతున్న చప్పుడు గదంతా వినపడింది.

ఖాళీ సిరంజి ఆవిడే నా చేతిలోంచి తీసుకుంది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఏడుపు గిట్టని మనిషి పక్కనే కూర్చుని ఉన్నా ఆగలేదు. ఆవిడ చూసి కూడా చూడనట్టు కార్డు మీద ఏదో రాసుకుంటోంది.

పిల్ల తాగి తాగి నిద్రపోయింది. తల్లి దాని మూతి కొంగుతో ఒత్తి, జాకెట్టు సర్దుకుని, నాకేసి చూసింది.

"మల్లీ ఎప్పుడు రావాల?"

సాయానికి ఆవిడ వైపు చూశాను.

"నన్నేటి సూత్తారు?" అంది ఆవిడ, తలెత్తకుండానే. "మిమ్మల్ని కదా అడుగుతన్నాది."

"తొమ్మిదో నెల నిండగానే" అన్నాను.

"ఏ ఏలకి?"

"నీ సేపలమ్ముకున్నాకే రా" అన్నాను. "నాను కూకునుంటాను."